మన గోల్ ముందు మనమే ఎందుకు తడబడతాం? రహీం సాబ్ నేర్పిన హైదరాబాద్ పాఠం

కూకట్‌పల్లిలో సాయంత్రం పూట ఏ టర్ఫ్ దగ్గరైనా ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. టీమ్ ఎలా పంచుకుంటారు? బాగా ఆడేవాళ్లంతా ముందుకి. కొంచెం లావుగా ఉన్నోడు, కొత్తగా వచ్చినోడు, షూ లేనోడు... వీళ్లంతా వెనక్కి. ఇంకెవరూ ఒప్పుకోకపోతే ఒకడిని పట్టుకొచ్చి గోల్‌లో నిలబెడతారు. కాలేజ్ టీముల్లో కూడా దాదాపు ఇదే కథ. ముందు నాలుగు గోల్స్ కొడతారు, వెనక ఐదు ఇచ్చేస్తారు. మ్యాచ్ అయ్యాక తిట్లన్నీ ఆ వెనక నిలబడ్డోడికే.

ఈ రోజు ఎపిసోడ్‌లో మన గోల్ ముందు మనం ఎందుకు కుప్పకూలిపోతాం అనే విషయం మాట్లాడుకుందాం. దీనికి జవాబు వెతకడానికి ఇంగ్లండ్, బ్రెజిల్ దాకా పోనక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే ఒక స్కూల్ టీచర్ దీనికోసం జీవితమంతా ఖర్చు పెట్టాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో అజయ్ దేవ్‌గణ్ సినిమా 'మైదాన్' వచ్చింది కదా, ఆ కథ ఈయనదే.

రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు, కాలేజ్ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడారు, తర్వాత సిటీ స్కూళ్లలో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు సార్లు బొంబాయిలో రోవర్స్ కప్ కొట్టింది. ఐదు సార్లు! కలకత్తా పెద్ద క్లబ్బులన్నీ నోరెళ్లబెట్టి చూశాయి.

సరే, ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ముందు చిన్న లెక్క చూడాలి.

పాత కాలం ఫుట్‌బాల్‌లో టీమ్ ఇలా నిలబడేది: వెనక ఇద్దరు బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. అంటే గోల్‌కీపర్ ముందు ఇద్దరే ఇద్దరు. ఇద్దరితో ఎలా నడిచింది? ఆఫ్‌సైడ్ రూల్ వల్ల. 1925కి ముందు, బంతి అందుకునేవాడికీ గోల్ లైన్‌కీ మధ్య కనీసం ముగ్గురు అవతలి టీమ్‌వాళ్లు ఉండాలి. అందుకే ఒక బ్యాక్ కాస్త ముందుకు జరిగితే చాలు, ఎదుటోడు ఆఫ్‌సైడ్‌లో ఇరుక్కునేవాడు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరు చేశారు. అంతే, ఇద్దరు బ్యాక్‌ల కోట కూలిపోయింది. గోల్స్ వరదలా వచ్చిపడ్డాయి.

ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ దీనికి ఒక మందు పెట్టాడు. మధ్యలో తిరిగే సెంటర్ హాఫ్‌ని వెనక్కి లాగి ఇద్దరు బ్యాక్‌ల మధ్యలో నిలబెట్టాడు. అదే మూడో బ్యాక్. పేపర్ మీద గీస్తే డబ్ల్యూ, ఎమ్ అక్షరాల్లా కనిపిస్తుంది కాబట్టి డబ్ల్యూ-ఎమ్ అన్నారు. యూరప్‌లో చాలా మంది దీన్ని పట్టుకున్నారు. మన దేశం మాత్రం ఆ పాత ఇద్దరితోనే బండి లాగించింది.

ఆ బండి ఎక్కడ బోల్తా పడిందో తెలుసా? 1952, హెల్సింకి ఒలింపిక్స్. ఎదురుగా యుగోస్లావియా. ఇండియా కోచ్ రహీం. మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు, గ్రౌండ్‌లో చలి. స్కోరు ఎంతో తెలుసా? 10-1. అవును, పది. ఒక్క జెబెట్సే నాలుగు కొట్టాడు. మన వైపు నుంచి చివర్లో అహ్మద్ ఖాన్ ఒకటి వేశాడు.

ఈ మ్యాచ్ గురించి ఎవరు మాట్లాడినా బూట్ల దగ్గరే ఆగిపోతారు. బూట్లు ముఖ్యమే, ఆ తర్వాత వాటిని తప్పనిసరి కూడా చేశారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఐదుగురు మీద పడుతుంటే ఇద్దరు ఏం ఆపుతారు? ఒక బ్యాక్ బంతి దగ్గరికి పోతే రెండో బ్యాక్ నలుగురిని చూసుకోవాలి. వాడికి ఎంత ధైర్యమున్నా, కాలికి ఏ బూటున్నా, లెక్క కుదరదు. గోల్ లైన్ దగ్గర వాడు పడుతున్న తిప్పలకి కారణం ఇరవై గజాల ముందే, ఇంకా చెప్పాలంటే టీమ్ లిస్ట్ రాసినప్పుడే తయారైంది.

రహీం సాబ్ ఈ లెక్కని సీరియస్‌గా తీసుకున్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లేసరికి ఇండియా మూడు బ్యాక్‌లతో ఆడుతోంది. అందులో హైదరాబాద్ కుర్రాళ్లు ఉన్నారు: బ్యాక్‌గా అజీజుద్దీన్, హాఫ్‌గా నూర్ మహమ్మద్. ఆస్ట్రేలియాని 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఇండియా ఒలింపిక్ సెమీఫైనల్లో!

సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి సగం మ్యాచ్ అయ్యేదాకా ఒక్క గోల్ లేదు. 52వ నిమిషంలో డిసౌజా గోల్ కొట్టాడు. 1-0, మనమే ముందు! నాలుగేళ్ల కింద పది ఇచ్చిన టీమ్ మీద. కానీ ఆ ఆనందం రెండంటే రెండు నిమిషాలే. 54లో ఒకటి, 57లో ఒకటి, 65లో ఇంకోటి. చివర్లో మన సలాం కాలికి తగిలి మన గోల్‌లోకే వెళ్లింది. 4-1. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా మీద 3-0తో ఓడి నాలుగో స్థానం.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 1952లో సంఖ్య సరిపోలేదు. 1956లో సంఖ్య సరిపోయింది, కానీ గోల్ కొట్టిన తర్వాత ఆ పది నిమిషాలు నిలబడే అలవాటు ఇంకా రాలేదు. 1960 రోమ్‌లో కూడా అంతే: ఫ్రాన్స్ మీద పీకే బెనర్జీ గోల్‌తో ముందున్నాం, ఇంకో ఎనిమిది నిమిషాలు ఉందనగా సమం చేశారు. 1-1.

మరి ఆ అలవాటు ఎక్కడ నేర్పాలి? రహీం సాబ్ హైదరాబాద్‌లో పిల్లలకి కొన్ని వింత టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలం లేని కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాడు ఎడమకాలితో. చూసేవాళ్లకి ఇది ఫార్వర్డ్‌ల స్కిల్ పెంచడానికే అనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో డిఫెన్స్ పాఠం ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకంటే సొంత గోల్ ముందు డ్రిబ్లింగ్ చేసినోడు బంతి పోగొడితే ఇక వెనక ఎవరూ లేరు. ఒక్క కాలే పనిచేసే బ్యాక్‌కి బంతి రెండో వైపు వచ్చిందనుకోండి, వాడు దాన్ని తన్నడానికి సొంత గోల్ వైపే తిరగాలి. ఆ అర సెకను చాలు. రెండు కాళ్లూ ఆడేవాడు, ఒక్క టచ్‌లో ఇచ్చేసేవాడు ఆ అర సెకను మిగుల్చుకుంటాడు.

ఇప్పుడు క్లైమాక్స్. 1962, జకార్తా ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మీద 2-0తో ఓటమి. రహీం ఒంట్లో అప్పటికే క్యాన్సర్. తర్వాత థాయ్‌లాండ్ మీద గెలిచారు గానీ మన స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో మెయిన్ మనిషి. వాడు లేకపోతే కోట ఖాళీ. రహీం ఏం చేశారు? తలకి కట్టు కట్టుకున్న జర్నైల్‌ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో పెట్టారు! వెనక చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్‌లని నమ్మారు.

సెప్టెంబర్ 4, ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియా. రాజకీయ గొడవ వల్ల స్టేడియం నిండా జనం ఇండియాకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. ఇరవై నిమిషాలకే 2-0. ఆ తర్వాత గంటకు పైగా కాపాడుకోవడమే పని. 85వ నిమిషంలో కొరియా ఒకటి కొట్టింది. 2-1. ఇంకో ఐదు నిమిషాలు. పాత ఇండియా అయితే ఇక్కడే జారిపోయేది. ఈసారి జారలేదు.

గోల్‌లో ఎవరున్నారు? పీటర్ తంగరాజ్. హైదరాబాద్‌లో పుట్టినోడు, ఆరడుగుల పైన మనిషి. ఇంకో విశేషం, ఈయన కుర్రతనంలో సెంటర్ ఫార్వర్డ్! తర్వాత ఆర్మీలో గోల్‌కీపర్ అయ్యాడు. ఫార్వర్డ్ గోల్‌కీపర్ అయ్యాడు, స్టాపర్ ఫార్వర్డ్ అయ్యాడు, ఇండియాకి గోల్డ్ వచ్చింది. ముందున్న ఐదుగురిలో తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు, యూసుఫ్ ఖాన్ కూడా హైదరాబాదే. రహీం సాబ్ 1963 జూన్‌లో చనిపోయారు. అరవై ఏళ్లు దాటింది, ఇండియా ఫుట్‌బాల్‌లో మళ్లీ ఏషియన్ గేమ్స్ గోల్డ్ చూడలేదు.

మన కారిడార్ కథ కూడా ఒకటి చెప్పాలి. గచ్చిబౌలి స్టేడియం సొంత గ్రౌండ్‌గా ఉన్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ ఫైనల్ పెనాల్టీల్లో గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కప్ తెచ్చింది ఆ గోల్ లైన్ మీద నిలబడ్డ మనిషే. 2025లో ఆ టీమ్ ఢిల్లీకి తరలిపోయింది. అంటే సిటీకి టీమ్ పోయింది. మిగిలింది మన కాలేజ్ టీములు, మన టర్ఫ్‌లు.

అందుకే కాలేజ్ టీమ్‌లో ఆడే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట. ఈసారి టీమ్ రాసేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టండి. మీలో బాగా ఆడేవాళ్లలో ఒకరిని వెనక పెట్టండి. ఎదుటోళ్లు ఎంతమంది వస్తారో లెక్కేసి, వాళ్లకన్నా ఒకరు ఎక్కువ ఉండేలా చూసుకోండి. ప్రాక్టీస్‌లో అరగంట ఎడమకాలితోనే ఆడండి. మీరు గోల్ కొట్టగానే వచ్చే ఆ మొదటి ఐదు నిమిషాలు మాత్రం ఎవరూ పండగ చేసుకోవద్దు. మెల్‌బోర్న్‌లో పోయిన మ్యాచ్ అక్కడే పోయింది.

మీ టీమ్‌లో వెనక నిలబడేది ఎవరో వాళ్లకి ఈ ఎపిసోడ్ పంపండి. వాళ్లకి ఎవరూ చప్పట్లు కొట్టరు, కనీసం కథైనా తెలియాలి. మళ్లీ కలుద్దాం.