సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి, గుంటూరు

గుంటూరు నగరంలో జె.ఎం.జె. సభకు చెందిన కాథలిక్ సిస్టర్లు స్థాపించిన ఆసుపత్రి ఇది. 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ ఒక చిన్న మందుల గదిలో మొదలుపెట్టిన వైద్యమే దీనికి మూలం. తెలుగునాట కన్యస్త్రీలు నడిపే ఆసుపత్రులు చాలానే ఉన్నా, దేశమంతటి కాథలిక్ వైద్యసేవకు దారి చూపినది ఇదే.

జీసస్, మేరీ, జోసెఫ్ పేర్లతో ఏర్పడిన ఈ సభ 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. 1904లో ఆ దేశపు సిస్టర్లు గుంటూరు వచ్చారు. అప్పటికే ఊళ్లో ఆడవాళ్లకు వైద్యం తెలియనిది కాదు. అమెరికన్ లూథరన్ మిషన్ పంపిన డాక్టర్ అన్నా కూగ్లర్ 1883 నుంచి ఇక్కడే పనిచేస్తూ, స్త్రీలకూ పిల్లలకూ ఒక ఆసుపత్రి కట్టించింది. ఎంత జబ్బు చేసినా మగ డాక్టరు చేత నాడి చూపించుకోవడానికి ఇష్టపడని ఇల్లాళ్లు ఆ రోజుల్లో ఎందరో. ఘోషా ఇళ్లలోనైతే ఆ మాటే లేదు. ఆడ డాక్టరు రాకపోతే మంత్రసాని మీదే భారం. పురుడు కష్టమైతే తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణగండమే.

కాథలిక్ సిస్టర్లకు మరో అడ్డంకి ఉండేది. కన్యస్త్రీలు వైద్య వృత్తి చేయకూడదని, ముఖ్యంగా పురుళ్లు పోయకూడదని చర్చి నిబంధన. అవసరం కళ్లెదుటే ఉన్నా చేతులు కట్టుకుని నిలబడాల్సి రావడం ఆ సిస్టర్లకు ఎంత బాధాకరమో ఊహించవచ్చు. స్కాట్లండ్ డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ ఈ నిబంధన సడలించమని రోముకు పదేపదే విన్నవించి, 1913లో కన్నుమూసింది. ఆమె జీవితం గురించిన చిన్న పుస్తకం 1915లో మెల్‌బోర్న్‌లో మేరీ గ్లౌరీ చేతికి వచ్చింది.

గ్లౌరీ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టింది. 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పుచ్చుకుంది. నగరంలో పేరున్న కాలిన్స్ స్ట్రీట్‌లో ప్రాక్టీసు పెట్టింది, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలోనూ పనిచేసింది. ఆ పుస్తకం చదివాక ఆమె మనసు భారతదేశం మీదికి మళ్లింది. అయితే వెంటనే ఓడ ఎక్కేయలేదు. ఇక్కడి ఆడవాళ్లకు ఏం కావాలో ఆలోచించుకుని ప్రసూతి, స్త్రీ వ్యాధులు, నేత్ర వైద్యం చదివి 1919లో ఎం.డి. పూర్తిచేసింది. 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో చేరింది. సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అన్నది సభలో ఆమె పేరు.

పోపు 15వ బెనెడిక్టు ఆమెకు వైద్యం చేయడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. కన్యస్త్రీలందరికీ ప్రసూతి వైద్యం చేసే వీలు కల్పిస్తూ రోము ఆదేశం వెలువడింది 1936లో. అంతకు పదహారేళ్ల ముందే గుంటూరులో ఆ పని మొదలైందన్నమాట. మందుల గది ఆసుపత్రిగా పెరిగింది. ఏళ్ల తరబడి ఆమె ఒక్కతే డాక్టరు. రోగుల తాకిడి ఎంత ఉన్నా, స్థానిక యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా శిక్షణ ఇవ్వడం మానలేదు. ఆమె చేసిన వైద్యం ఎంత గొప్పదో ఈ శిక్షణ అంత గొప్పది. ఒక విదేశీ డాక్టరు మీద ఆధారపడిన ఆసుపత్రి ఆమె తర్వాతా నిలిచిందంటే అందుకు కారణం ఇదే.

1943 జూలై 29న గ్లౌరీ నాయకత్వంలో పదహారుమంది సిస్టర్లు కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దేశంలో ఒక కాథలిక్ వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె కోరిక. బెంగళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల 1963లో మొదలైంది. అయితే అది చూడకుండానే 1957 మే 5న అదే బెంగళూరులో ఆమె క్యాన్సర్‌తో మరణించింది. 2013లో చర్చి ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

నాటి సంఘమే నేటి కాథలిక్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. దాని కేంద్ర కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. 3,500కు పైగా వైద్య, సేవా సంస్థలు అందులో సభ్యులు.