పాస్‌వర్డు పుట్టుపూర్వోత్తరములు

క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు యుద్ధనీతివేత్త ఈనియాస్ టాక్టికస్, కావలివారి సంకేతపదము సులభముగా జ్ఞప్తికి రావలెనని, బలముతో పైబడునప్పుడు హెరాక్లీసు పేరును, దొంగచాటుగా పోవునప్పుడు మాయావి యగు హెర్మీసు దేవుని పేరును పెట్టుకొమ్మని ఉపదేశించెనని చదివి నేను పరమానందము నొందితిని. ఏలయన, నేడు మాచర్లవాసి చెన్నకేశవుని పేరును, నరసరావుపేటవాసి కోటప్పకొండ త్రికోటేశ్వరుని పేరును పాస్‌వర్డుగా పెట్టుకొనునెడల, ఇరువదినాలుగు శతాబ్దుల నాటి యా యుపదేశమునే పాటించినవాడగును.

రోమనులు కావలివారి సంకేతపదమును ప్రతిసాయంకాలము కొయ్యపలకపై వ్రాసి యిచ్చి, చీకటి పడకమునుపే పలకలన్నియు మరలివచ్చినవో లేవో సరిచూచుకొనెడివారని చరిత్రకారుడు పాలిబియస్ వ్రాసెను. నిత్యనూతనమైన యా జాగరూకతయే మనము పోగొట్టుకొన్న సొత్తు.

నడుమ శతాబ్దులను దాటి 1961 ప్రాంతమునకు వచ్చినచో, ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందము పలువురు పంచుకొను కంప్యూటరునకు పాస్‌వర్డును తెచ్చెను. 1962లోనే ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన యంత్రకాలము చాలక, అందరి పాస్‌వర్డుల పట్టికను అచ్చువేయించుకొనెను.

1979 నాటి కథ నాకు మిక్కిలి ప్రియము. బెల్ ప్రయోగశాలలలో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ లు 3,289 పాస్‌వర్డులను పరిశీలింపగా, 15 ఒంటి గుర్తులు, 72 రెండేసి, 464 మూడేసి గుర్తులు. 605 ఆరు చిన్న యక్షరముల మాటలు. 492 నిఘంటువులలోను పేర్లపట్టికలలోను దొరకినవి. ఎల్ల విధముల కలిపి నూటికి 86 బలహీనములని తేలెను. గణితక్రియచే మార్చి దాచిన పదమును విప్పుట దుస్సాధ్యము గనుక, ఊహించిన ప్రతిపదమును అదే గణితక్రియకు లోబరచి, ఫలితములు సరిపోలునా యని చూచుట వారు వర్ణించిన మార్గము. నేటి పాస్‌వర్డు పరీక్షకులదియు నదియే. ఆ మోరిస్ కుమారుడే 1988 నవంబరు 2న వదలిన 'పురుగు' (తనంతట తానే కంప్యూటరులకు ప్రాకు ప్రోగ్రాము) 432 పదముల పట్టికతో పాస్‌వర్డుల నూహించుచు ప్రాకెను.

2009లో రాక్‌యూ సంస్థనుండి మూడుకోట్లకు పైగా పాస్‌వర్డులు బయటపడగా, వానిలో అగ్రస్థానము 123456ది. సంస్థల యనుమతితో పరీక్షించువారు ఇట్టి పట్టికలకు సంస్థ యున్న యూరి దేవుని పేరు, సంస్థ పేరు, అభిమాన నటుని పేరు చేర్చి, చివర సంవత్సరమునో 123నో తగిలింతురు. 'ఏ' యక్షరమునకు మారుగా @ నుంచుటయు వారెరిగినదే. మనుజుడు జ్ఞాపకమునకై తాను ప్రేమించినదానినే యెన్నుకొనును. ఆ ప్రేమ యూరందరికిని తెలిసినదే.

ఇంతకన్న విచారకరము, డౌన్‌లోడు చేసిన ఆధార్ పత్రమునకు పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దయక్షరములు, పుట్టిన సంవత్సరము. పేరు తెలిసినవానికి నూరు ప్రయత్నములు చాలును. కావున గురజాల నెట్ సెంటరులోనైనను, మరెక్కడనైనను ఆ ఫైలును వదలి రాకుడు. బ్యాంకు పాస్‌వర్డునకు ఇలవేల్పును గాక, పొంతనలేని నాలుగైదు మాటలను కూర్చుకొనుడు.