కల్లు కుండలోకి మత్తుమందు వచ్చిన దారి

తెలంగాణ పల్లెల్లో మత్తుమందు వ్యాపారం ఎక్కువగా కల్లు దుకాణం చుట్టూనే తిరిగింది. క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం అనే మూడు పేర్లు ఇక్కడి జనానికి డాక్టరు చీటీల కన్నా ఎక్సైజ్ కేసుల వార్తల్లోనే ఎక్కువ వినబడ్డాయి. పాత మెదక్ జిల్లా ఈ కథకు నడిబొడ్డు. జగదేవ్‌పూర్, గజ్వేల్, దుబ్బాక వైపు ఈత, తాటి చెట్ల మీద బతికిన పల్లెలు, పటాన్‌చెరు, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలు. 2016 అక్టోబర్ 11న సిద్దిపేట వేరు జిల్లా అయ్యేదాకా ఈ రెండూ ఒకే కలెక్టరు ఏలుబడిలో ఉండేవి.

ఈ ప్రాంతంలో కల్లు తాగుడు సరుకు మాత్రమే కాదు. జగదేవ్‌పూర్ మండలం తీగుల్ నర్సాపూర్‌లోని కొండపోచమ్మకు కల్లు సాక పోయనిదే మొక్కు తీరినట్టు కాదు. కొమురవెల్లి మల్లన్న దర్శనం చేసుకున్నవాళ్లు చాలామంది ఇక్కడికీ వచ్చి, బోనం వండి, సాక పెట్టి పోతారు. పెళ్లికి, చావుకి, నాటు వేసిన దినానికి, దసరాకు కల్లు ఉండాల్సిందే. గౌడులు తమ కులదైవం కాటమయ్యను కొలిచేదీ చెట్టు మీద ప్రాణం నిలవాలనే. దుకాణం మీద దాడులు జరిగిన ప్రతిసారీ ఊళ్లో సగంమంది అధికారుల పక్షాన నిలబడకపోవడానికి ఈ నేపథ్యమూ ఒక కారణం.

గీత పని ఎంత కష్టమో తెలిస్తే కల్తీ ఎందుకు పుట్టిందో సులువుగా తెలుస్తుంది. గౌడు నడుముకు మోకు, ముస్తాదు కట్టుకొని, కాళ్లకు బంధం వేసుకొని, గీత కత్తి వెంట పెట్టుకొని తాటిచెట్టు ఎక్కుతాడు. మట్టల నడుమ ఉన్న గెల కొసను పలచటి పొర లేచేంత మాత్రమే గీస్తాడు. లోతుగా కోస్తే గెల ఎండిపోతుంది, గీయడం మానేస్తే ఊట ఆగిపోతుంది. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కక తప్పదు. ఈతచెట్టుకైతే మొవ్వు కింద ఒక పక్కన చెక్కి లొట్టి కడతారు. ఊటలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు దాన్ని వెంటనే పులియబెడుతుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్ చేరుతుంది, మర్నాటికి పుల్లగా మారి తాగడానికి పనికిరాదు. అంటే అసలైన చెట్టు కల్లు దూరం పోదు, నిలవ ఉండదు, కోరినంత దొరకదు. తాటికి ఒక కాలం, ఈతకు ఒక కాలం.

ఇలాంటి సరుకు మీద ప్రభుత్వాలు ఎప్పటినుంచో పన్ను పిండుకుంటూనే ఉన్నాయి. పదిహేడో శతాబ్దం చివర్లో జనగామ దగ్గరి ఖిలాషాపూర్ కోటగా మొగలు అధికారుల మీద తిరగబడిన సర్వాయి పాపన్న గీత కులంవాడు కావడం యాదృచ్ఛికం కాదంటారు ఆ కథ చెప్పేవాళ్లు. నిజాం రాజ్యంలో అబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయం. 1316 ఫసలీ, అంటే సుమారు 1907 నాటి హైదరాబాద్ అబ్కారీ చట్టం కల్లు, సారా వ్యాపారాన్ని ఒకే గొడుగు కిందికి తెచ్చింది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం. వేలం పాడిన గుత్తేదారు ముందు సర్కారుకు కట్టి, తర్వాత ఊరి మీద వసూలు చేసుకునేవాడు. గీసేవాడు కూలీ, తాగేవాడు బాకీదారు, నడుమ లాభం గుత్తేదారుది. ఈ ఆదాయాన్ని దెబ్బకొట్టడానికే 1947–48లో నిజాం వ్యతిరేక ఉద్యమకారులు ఊరూరా ఈత, తాటి చెట్లు నరికారు. నరికినవాళ్లకు అది రాజకీయం. ఆ చెట్ల మీద బతికిన గౌడు ఇంటికి అది ఆ యేటి తిండి.

నిజాం పోయినా అబ్కారీ పద్ధతి పోలేదు. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చేదాకా తెలంగాణలో పాత ఫసలీ చట్టమే నడిచింది. తర్వాత గీత కార్మికుల సహకార సంఘాలు వచ్చాయి, ఒంటరి గీత కార్మికుడికి చెట్టు లైసెన్సు ఇచ్చే పద్ధతీ వచ్చింది. కాగితం మీద గుత్తేదారు మాయమయ్యాడు. చాలా చోట్ల సంఘం పేరు ముందుండి, పెట్టుబడి పెట్టినవాడు వెనక మిగిలాడు. కల్లు డిపో అనే ఏర్పాటు బలపడింది కూడా ఇలాగే: ఊళ్ల నుంచి వచ్చిన కల్లు ఒక చోట చేరుతుంది, డ్రమ్ముల్లో కలుస్తుంది, సీసాల్లోకి ఎక్కి దుకాణాలకు పోతుంది.

అసలు ముడి ఇక్కడే పడింది. బోర్లు పడి మెట్ట భూములు మళ్లు అయ్యాయి. గట్ల మీది ఈత పొదలు, తాళ్లు కొట్టేశారు. తర్వాత ప్లాట్లు వేసినవాళ్లు మిగిలినవీ తీసేశారు. గౌడుల పిల్లలు చెట్టెక్కడం మానేశారు, ఎక్కినవాళ్లు జారిపడితే నడుములు విరిగాయి. తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు. హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల గిరాకీ ఉండనే ఉంది. చెట్టు నుంచి వచ్చే కల్లు ఒక వంతు, సీసాల్లో అమ్ముడయ్యేది దానికి ఎన్నో వంతులు అయ్యేసరికి, ఆ తేడాను నీళ్లతో నింపాల్సి వచ్చింది. నీళ్లకు తీపి కోసం శాక్రిన్, పులుపు కోసం రసాయనాలు కలిపారు. మత్తు లేకపోతే గిరాకీ రాదు కాబట్టి మందు కలిపారు. పల్లెల్లో ‘చెట్టు కల్లు’, ‘మందు కల్లు’ అని రెండు మాటలు వేరుగా వాడుకలోకి వచ్చాయి. రెండోదాని గుట్టు అందరికీ తెలుసు. అయినా దుకాణం ముందు బారు తగ్గలేదు.

మొదట వచ్చింది క్లోరల్ హైడ్రేట్. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1832లో తయారుచేసిన ఈ పదార్థాన్ని 1869 నుంచి నిద్రమందుగా వాడారు. మద్యంలో కలిస్తే దీని బలం పెరుగుతుంది. 1903లో షికాగోలో మికీ ఫిన్ అనే సారాకొట్టు యజమాని గిరాకీదారులకు మందు కలిపిన మద్యం పోసి జేబులు కొట్టేస్తున్నాడని ఆరోపణలు వచ్చాయి. అతని పేరే అలాంటి మద్యానికి నిలిచింది, అందులో కలిపేది క్లోరల్ అనే అంటారు. ఇక్కడి వ్యాపారికి ఆ మోసంతో పని లేదు, గిరాకీదారు రేపు మళ్లీ రావాలి. క్లోరల్‌తో చిక్కు వాసన, పరిమాణం. బస్తాల కొద్దీ మోయాలి. డైజీపాం ఆ భారాన్ని తగ్గించింది. హాఫ్‌మన్-లా రోష్ కంపెనీ 1963లో వాలియం పేరుతో అమ్మకానికి తెచ్చిన మందు అది. ఆ తర్వాత అల్ప్రాజోలం వచ్చాక లెక్కలన్నీ మారిపోయాయి. అప్‌జాన్ కంపెనీ 1981లో జానాక్స్ పేరుతో విడుదల చేసిన ఈ మందు డాక్టరు రాసే అతి చిన్న మాత్రలో పావు మిల్లీగ్రామే ఉంటుంది. ఒక కిలో పొడి అలాంటి 40 లక్షల మాత్రలకు సమానం. బియ్యం సంచిలో కాదు, చేతిసంచిలో పట్టేంత సరుకు.

ఈ పొడి దూరం నుంచి తేవాల్సిన పని కూడా లేకపోయింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి వాళ్లలో అందరికన్నా పేరున్నవాడు. జీడిమెట్ల, పటాన్‌చెరు, బొల్లారం మందుల ముడిసరుకుకు దేశంలోనే పెద్ద కేంద్రాలయ్యాయి. వాటి వెనకే మూతపడిన యూనిట్లు, అద్దెకు దొరికే రియాక్టర్లు, పని పోయిన కెమిస్టులు కూడా పెరిగారు. అల్ప్రాజోలం కేసుల్లో అధికారులు పదేపదే చేరేది ఇలాంటి చోట్లకే. నాణెంలో ఒక వైపు ప్రపంచానికి మందులు పంపిన నగరం, మరో వైపు పక్క జిల్లాల కల్లు డిపోలకు పొడి పంపిన షెడ్డు. రెండింటికీ చదువు ఒకటే.

1985 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం డైజీపాం, అల్ప్రాజోలం రెండింటినీ మనోప్రభావక పదార్థాల జాబితాలో చేర్చింది. క్లోరల్ హైడ్రేట్ ఆ జాబితాలో లేదు, దానికి ఎక్సైజ్ చట్టమే దిక్కు. 2001 నోటిఫికేషన్ ప్రకారం అల్ప్రాజోలం 5 గ్రాముల లోపు దొరికితే ‘స్వల్ప’ పరిమాణం, 100 గ్రాములు దాటితే ‘వాణిజ్య’ పరిమాణం. మొదటిదానికి ఏడాది దాకా శిక్ష, రెండోదానికి 10 నుంచి 20 ఏళ్లు. పొడి దొరికినప్పుడు ఈ లెక్క తేలిక. కల్లు దొరికినప్పుడే ఇబ్బంది. సీసాకు ఒక మిల్లీగ్రాము కలిసిందనుకుంటే 5 గ్రాములు కావడానికి 5,000 సీసాలు పట్టుకోవాలి. 2008లో సుప్రీంకోర్టు మైఖేల్ రాజ్ కేసులో శుద్ధమైన మందు బరువునే లెక్కించాలని చెప్పింది. 2020 ఏప్రిల్ 22న హీరాసింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టి, కలిపిన తటస్థ పదార్థంతో సహా మొత్తం మిశ్రమం బరువును చూడాలని తేల్చింది. కల్లు కేసుల్లో ఈ తేడా చిన్నది కాదు.

టీవీ సీరియళ్లలో పోలీసులకు, డ్రగ్స్ ముఠాలకు మధ్య నడిచే వేట వేరు. 2002–2008 మధ్య అమెరికాలో హెచ్‌బీఓ ప్రసారం చేసిన ‘ద వైర్’ ఆ కోవలో చాలా నిజాయితీగా తీసింది. మాజీ క్రైమ్ రిపోర్టర్ డేవిడ్ సైమన్ బాల్టిమోర్ నగరం మీద తీసిన ఆ కథలో పోలీసులు నెలల తరబడి పేజర్లు, ఫోన్లు విని వీధి మూల అమ్మకందారు నుంచి పైకి పోతారు. మెదక్ వైపు కేసులో వీధి మూల ఉండదు, లైసెన్సు ఉన్న దుకాణం ఉంటుంది. సరుకు దాచిపెట్టరు, బల్ల మీదే అమ్ముతారు. నేరం సీసాలో ఉంటుంది కానీ కంటికి కనబడదు. ఎక్సైజ్ ఎస్‌ఐ పంచుల ముందు సీసా తీసుకొని, మూతకు లక్క వేసి, చీటీ అతికించి, సంతకాలు పెట్టించి ప్రయోగశాలకు పంపాలి. రిపోర్టు వచ్చేదాకా అది కల్లే. వచ్చాక కూడా కేసు దుకాణం మీద ఉన్నవాడి దగ్గర ఆగిపోవడం మామూలు. పొడి అమ్మినవాడి దాకా పోయిన కేసులు తక్కువ, వండినవాడి దాకా పోయినవి ఇంకా తక్కువ. ఖజానాకు ఆదాయం చూపించాల్సిన శాఖే కల్తీనీ పట్టుకోవాల్సి రావడం ఈ వ్యవస్థలోని పాత తిరకాసు. పోలీసులు ఇందులోకి ఆలస్యంగా వచ్చారు.

2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూయించింది. నగరం చుట్టూ అన్ని చెట్లే లేనప్పుడు అంత కల్లు ఎక్కడిదన్నది అప్పటి ప్రశ్న. తెలంగాణ వచ్చాక 2014లో దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది హరితహారంలో ఈత, తాటి మొక్కలు నాటడం మొదలైంది. ఈత కొన్నేళ్లలో గీతకు వస్తుంది, తాటికి పన్నెండు పదిహేనేళ్లయినా పడుతుంది. ఆ లోపు దుకాణం ఏం అమ్మాలన్నదానికి ఏ విధానంలోనూ జవాబు లేదు.

2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు గట్టిగా సాగినప్పుడు అసలు సంగతి బయటపడింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులకు జనం వరుస కట్టారు. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడడం, పొంతన లేని మాటలు, ఫిట్స్. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ రోగులు పోటెత్తారు. కల్తీ కల్లు తాగి ఒళ్లు చెడినవాళ్లు కారు వీళ్లు, అది దొరక్క పడిపోయినవాళ్లు. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడికి ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లోనే మెదడు ఎదురు తిరుగుతుంది. వైద్యులు దీనికి ఇచ్చేది కూడా అదే జాతి మందే, నెమ్మదిగా తగ్గించుకుంటూ. రోగుల్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు, వ్యవసాయ కూలీలు ఉన్నారు. తాము మత్తుమందుకు అలవాటు పడ్డామని వాళ్లలో చాలామందికి అప్పటిదాకా తెలియదు, తాగింది కల్లేనని వాళ్ల నమ్మకం. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడ్డప్పుడు ఇదే దృశ్యం ఎర్రగడ్డలో మళ్లీ కనబడింది. ఈసారి దాడులు కూడా అక్కరలేకపోయింది.

2022లో రాష్ట్రంలో నార్కోటిక్స్ బ్యూరో ఏర్పడింది. గంజాయి, నగరంలోని పార్టీ డ్రగ్స్ దాని మొదటి లక్ష్యాలు. 2025 జూన్ 26న దాన్ని ఈగల్ అనే విభాగంగా మార్చారు. ఆ వెంటనే జులై రెండో వారంలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల్లో చేరారు. పలువురు చనిపోయారు. దుకాణాల లైసెన్సులు రద్దయ్యాయి, నిర్వాహకులు అరెస్టయ్యారు. రెండు నెలలకు, సెప్టెంబరులో, ఈగల్ బృందాలు సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని ఒక ప్రైవేటు పాఠశాల భవనంలోకి వెళ్లాయి. కింద తరగతులు నడుస్తుండగా పై గదుల్లో అల్ప్రాజోలం తయారవుతోంది. పొడి, సగం తయారైన సరుకు, నగదు స్వాధీనం చేసుకున్నారు. ఆ పొడి చేరుతున్నది మహబూబ్‌నగర్ వైపు కల్లు డిపోలకు.