భూతద్దం బల్ల దిగిన కథ

1267 ప్రాంతంలో రోజర్ బేకన్ 'ఓపుస్ మాయుస్'లో, వృద్ధులకూ చూపు మందగించినవారికీ గాజు ఖండం అక్షరాలను పెద్దవి చేసి చూపగలదని రాశాడు. 1968లో అమెరికాలోని రాండ్ సంస్థలో, స్వయంగా మందదృష్టి గల గణితవేత్త శామ్యూల్ జెనెన్‌స్కీ సహచరులతో కలిసి కెమెరానూ టీవీనీ జతచేసి చదువు యంత్రాన్ని రూపొందించాడు. అక్షరం ఎంతో పెద్దదైంది కాని, యంత్రం బల్ల దిగలేదు. వీధిలో మాబోటివారికి చిన్న దుర్భిణియే దిక్కయింది.

2016లో ఐఓఎస్ 10తో ఐఫోన్‌లో 'మాగ్నిఫైయర్' చేరింది. పెద్దది చేయడం కన్నా, బొమ్మను నిలపడమే అందులో నాకు గొప్ప మేలు. వచ్చి ఆగిన బస్సు నంబరును అది కదిలేలోగా పట్టి, కంటి దగ్గరకు తెచ్చుకుని చదువుకుంటాను. పక్కవారిని అడగవలసిన అవసరం తగ్గింది. 2020లో కొన్ని ఐఫోన్లు లేజరు సాయంతో ఎదుటి మనుషుల దూరాన్నీ, 2022లో తలుపుల జాడనూ చెప్పసాగాయి.

అయితే బొమ్మ పెద్దదైనకొద్దీ చూపు మేర కుంచించుకుపోతుంది. తెరలో బోర్డు కనబడుతుంటే కాలి ముందరి గుంట కనబడదు. అందుకే చదివేటప్పుడు నిలబడతాను. నడిచేటప్పుడు ఫోను జేబులో, కర్ర చేతిలో ఉంటాయి. మిత్రులారా, మీ ఇంట చూపు తగ్గిన పెద్దలకు ఫోను నేర్పేటప్పుడు ముందుగా ఈ తేడా చెప్పండి.