రాత్రిపూట తలుపు తట్టే హక్కు ఎవరికి?

పాఠ్యపుస్తకంలో 21వ అధికరణానికి దక్కేది రెండు మూడు వాక్యాలే. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తిగత స్వేచ్ఛనూ తీసేయకూడదని దాని సారం. ఈ పాఠం చెప్పేటప్పుడు మేము ఎరుకలవారి చరిత్ర చెబుతాం. కొండ ప్రాంతాల మన పిల్లల్లో చాలామందికి అది తెలియదు.

ఎరుకలవారు గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు వెళ్లేవారు. ధాన్యానికి మార్చుకునేవారు. బుట్టలు అల్లారు, సోది చెప్పారు. రైళ్లు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిశాక ఆ వ్యాపారం చితికిపోయింది. ఊరూరా తిరిగేవాళ్లంటే తెల్లదొరలకు మొదటినుంచీ అనుమానమే. 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం పెట్టారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎవరు ఏం చేశారన్నది ఆ చట్టానికి పట్టదు, ఎవరికి పుట్టారన్నదే పట్టింపు.

రిజిస్టరులో పేరెక్కితే వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటితే చెప్పి దాటాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఈ చట్టం నీడలో పుట్టిందే. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. టీచర్లుగా మాకు మింగుడుపడని మాట ఇదే, బడిని కూడా శిక్షలో భాగం చేశారు. ఇంకో ఘోరం, ఫలానా తెగ నేరస్థ తెగ అని సర్కారు ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లుతుందా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పోలీసుల అలవాటు పోలేదు. అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, హిస్టరీ షీట్లు కొనసాగాయి.

ఆ అలవాటును కోర్టుకు లాగింది మనవాళ్లు కాదు, ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైనా పోలీసులు అతని మీద షీటు తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు తట్టి నిద్ర లేపేవారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రి సోదాలు చెల్లవంది గానీ, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదంది. మిగతా నిఘాను అలాగే ఉంచింది. ఆరుగురు జడ్జీల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. వారిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. నిఘా నీడలో తిరిగేవాడికి స్వేచ్ఛ ఎక్కడిదన్నది ఆయన వాదన. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనన్నారు.

ఆ మాట నెగ్గడానికి 55 ఏళ్లు పట్టింది. కర్ణాటక హైకోర్టు మాజీ జడ్జి పుట్టస్వామి ఆధార్ మీద వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. గౌరవంగా బతకడం అందులోనే ఉందన్నారు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త తెగలవారిని ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు చెప్పింది. ఈ తీర్పు సంగతి స్టేషన్ గడప దాకా చేరిందో లేదో మన ఊళ్లలో యువతే కనుక్కోవాలి. అడిగేవాళ్లు పదోతరగతి సాంఘికశాస్త్రం పుస్తకాన్నీ వెంట తీసుకెళ్లవచ్చు.