జననేంద్రియ పులిపిర్లు

జననేంద్రియ పులిపిర్లు హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్.పి.వి.) మూలంగా జననేంద్రియాలపైన, మలద్వారం చుట్టూ ఏర్పడే బొడిపెలు. ఇది స్త్రీపురుషులిద్దరికీ సోకే సుఖవ్యాధి.

కారణం

హెచ్.పి.వి.లో 200కు పైగా రకాలున్నాయి. జననేంద్రియ పులిపిర్లలో సుమారు 90 శాతానికి 6, 11 రకాలు కారణం. ఇవి క్యాన్సర్‌కు దారితీయడం చాలా అరుదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో సుమారు 70 శాతానికి కారణమైనవి 16, 18 రకాలు. ఈ క్యాన్సర్‌కు హెచ్.పి.వి. కారణమని కనుగొన్న జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఒకే వ్యక్తికి ఒకటి కంటే ఎక్కువ రకాలు సోకవచ్చు. కాబట్టి పులిపిర్లు ఉన్నా లేకపోయినా స్త్రీలు తగిన వయసులో గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి.

వ్యాప్తి

లైంగిక సంపర్కంలో చర్మానికి చర్మం తగలడం వలన ఈ వైరస్ వ్యాపిస్తుంది. కంటికి కనిపించని చిన్న గాట్ల ద్వారా చర్మం అడుగు పొరలోని కణాలలో ప్రవేశిస్తుంది. ఆ కణాలు అధికంగా పెరగడం వలన బొడిపె ఏర్పడుతుంది. సాధారణంగా వైరస్ సోకిన కొన్ని నెలలకు, కొందరిలో ఏళ్ళ తరువాత పులిపిర్లు కనిపిస్తాయి. చాలామందిలో అసలు కనిపించవు. అందువలన వైరస్ ఎప్పుడు, ఎవరి నుండి సోకినదీ నిర్ణయించడం సాధ్యం కాదు. దంపతులలో ఒకరికి పులిపిర్లు రావడం ఇటీవలి పరసంబంధానికి నిదర్శనం కాదు.

లక్షణాలు

పులిపిర్లు ఒంటరిగా గానీ, కాలీఫ్లవర్ పువ్వు వలె గుంపుగా గానీ ఉంటాయి. సాధారణంగా నొప్పి ఉండదు. కొందరిలో దురద, రక్తస్రావం ఉండవచ్చు. సిఫిలిస్‌లో కూడా ఇటువంటి బొడిపెలు వస్తాయి కనుక వైద్యుని చేత పరీక్ష చేయించుకోవడం అవసరం.

చికిత్స

వైరస్‌ను పూర్తిగా తొలగించే మందు లేదు. పులిపిర్లను మాత్రం పోడోఫిల్లోటాక్సిన్, ఇమిక్విమాడ్ వంటి పైపూత మందులతో గానీ, ద్రవ నత్రజనితో గడ్డకట్టించి గానీ, విద్యుత్తుతో కాల్చి గానీ, శస్త్రచికిత్సతో గానీ తొలగిస్తారు. తొలగించిన తరువాత మళ్ళీ రావచ్చు. చాలామందిలో రోగ నిరోధక శక్తి క్రమంగా వైరస్‌ను అణచివేస్తుంది. చేతుల పులిపిర్లకు వాడే మందులను ఇక్కడ వాడరాదు. గర్భిణులు పోడోఫిల్లోటాక్సిన్ వాడకూడదు.

నివారణ

కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, కానీ అది కప్పని చర్మం ద్వారా వైరస్ సోకవచ్చు. 6, 11, 16, 18 రకాలను నిరోధించే గార్డసిల్ టీకాకు 2006లో అమెరికాలో అనుమతి లభించింది. భారతదేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది. ఇది కూడా ఈ నాలుగు రకాలను నిరోధిస్తుంది. లైంగిక జీవితం ప్రారంభం కాకముందే టీకా వేయించుకుంటే ప్రయోజనం ఎక్కువ. అప్పటికే ఉన్న పులిపిర్లను టీకా నయం చేయదు.