పురిటి గదిలో నేర్చుకున్న వాళ్ళు

సంక్రాంతికి మా చెల్లెలి కూతురు శ్రీకాకుళం వచ్చింది. ఓ ప్రభుత్వ ఆసుపత్రిలో గైనకాలజీ పీజీ, రెండో సంవత్సరం. వచ్చిన రోజు అన్నం తింటూ తింటూనే కంచం ముందు కునికింది. పద్నాలుగు గంటలు ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. లేచాక ఓ చేత్తో అరిసె పట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని ఏదో సీరియల్ చూడటం మొదలుపెట్టింది. తొంగి చూస్తే తెర మీద తెల్లకోట్లు, పురుటి నొప్పులు, పరుగులు.

"ఏటే అమ్మీ, ఆసుపత్రి నుంచి పారిపోయొచ్చి మళ్ళీ ఆసుపత్రే చూస్తన్నావేటి?" అన్నాను.

"ఇది మాలాంటి ఆసుపత్రి కాదు పెద్దమ్మా. ఆ మంచాల మధ్య ఖాళీ చూడు. మా దగ్గరైతే అంత జాగాలో ఇంకో ఇద్దరు బాలింతలు పడుకుంటారు" అంది.

అలా నేనూ దాని పక్కన చేరాను. అది కొరియాలో టీవీఎన్ అనే ఛానల్ 2025 ఏప్రిల్, మే నెలల్లో ప్రసారం చేసిన 'రెసిడెంట్ ప్లేబుక్'. పన్నెండు ఎపిసోడ్లు. నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని మన వాళ్ళూ చూస్తున్నారు. సియోల్‌లో జోంగ్నో యుల్జే అనే కల్పిత ఆసుపత్రి, ప్రసూతి విభాగంలో కొత్తగా చేరిన నలుగురు రెసిడెంట్లు. ముగ్గురు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. ఆ అబ్బాయి అంతకుముందు పాటల బృందంలో ఉండేవాడు. కథానాయిక ఓ యి యంగ్ ఒకసారి రెసిడెన్సీ వదిలేసి, అప్పు తీర్చడానికి తిరిగొచ్చిన మనిషి. సేవాభావం, లక్ష్యం లాంటి పెద్ద మాటలేవీ ఆమె నోట రావు. నాకు మొదట నచ్చింది అదే. కొరియన్ భాషలో ఈ సీరియల్ పేరుకి అర్థం ఇంచుమించు 'ఎప్పటికైనా తెలివి తెచ్చుకోబోయే రెసిడెంట్ల జీవితం' అట. డాక్టర్లు పుట్టుకతోనే దేవుళ్ళని నమ్మించే మన సినిమాలు చూసి చూసి, తెలియనితనాన్ని పేరులోనే ఒప్పుకున్న ఈ కథ దగ్గర కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

అయితే ఈ సీరియల్ అసలు 2024లోనే రావాల్సింది. ఆ ఫిబ్రవరిలో కొరియా ప్రభుత్వం ఏడాదికి 3,058గా ఉన్న మెడికల్ సీట్లను మరో 2,000 పెంచుతామనగానే, పదివేల మందికి పైగా శిక్షణ డాక్టర్లు రాజీనామాలిచ్చి ఆసుపత్రులు వదిలేశారు. బయట నిజం రెసిడెంట్లు లేక ఆపరేషన్లు వాయిదా పడుతుంటే, తెర మీద ముద్దొచ్చే రెసిడెంట్లను చూపించడం బాగుండదని ఆపేశారు. ఏడాది తర్వాత వచ్చిన కథలో ఆ గొడవ ఆనవాలు కూడా లేదు. అక్కడ పిల్లల్ని కనేవాళ్ళు తగ్గిపోయి (2023లో ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 0.72) ప్రసూతి వైద్యం వైపు వచ్చేవాళ్ళే కరువవుతున్నారు. ఆ దిగులు కూడా పెద్దగా లేదు. ఉన్నదల్లా అలసట, స్నేహం, కొంచెం ప్రేమ.

చూస్తున్నంతసేపూ నాకు ఇంకో ప్రశ్న తొలుస్తూనే ఉంది. పురుడు పోయడం నేర్చుకోవడానికి ఆడవాళ్ళు ఆసుపత్రి గడప ఎప్పుడు తొక్కారు? అక్కడా, ఇక్కడా?

వెతుక్కుంటూ పోతే ఆ రెండు దారులూ అమెరికాలో ఒకే గుమ్మం దగ్గర కలిశాయి. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల. అక్కడ 1879లో పట్టా పుచ్చుకున్న అన్నా సారా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి కట్టించి, దాదాపు యాభై ఏళ్ళు తెలుగు స్త్రీల మధ్యే బతికి 1930లో అక్కడే కన్నుమూశారు. అదే కాలేజీలో 1886లో ఆనందీబాయి జోషి డాక్టరయింది. తిరిగొచ్చి ఒక్క రోగినైనా చూడకుండానే, 1887లో క్షయతో, ఇరవై రెండేళ్ళు నిండకుండా పోయింది. అదే కాలేజీలో 1889లో చదువు ముగించిన రోసెట్టా షెర్‌వుడ్ మరుసటేడు సియోల్ వెళ్ళింది, ఆడవాళ్ళ కోసం 1887లో మొదలైన పోగు యోగ్వాన్ అనే ఆసుపత్రికి. అక్కడ ఆమెకి దుభాషిగా పనిచేసిన బడిపిల్ల కిమ్ జోమ్‌డోంగ్. ఆ పిల్ల తర్వాత ఎస్తేర్ పాక్ పేరుతో అమెరికా వెళ్ళి, బాల్టిమోర్‌లో చదివి 1900లో కొరియా మొదటి మహిళా డాక్టరయింది. ఆమె చదువుకుంటుంటే భర్త కూలిపని చేసి ఖర్చులు భరించాడు. పట్టా వచ్చేనాటికి అతను క్షయతో చనిపోయాడు. పదేళ్ళు ఊరూరా తిరిగి వైద్యం చేసి, 1910లో ఆమె కూడా క్షయతోనే పోయింది.

ఆనందీబాయి, ఎస్తేర్. ఒకరికొకరు తెలీదు. ఇద్దర్నీ తీసుకుపోయింది ఒకే జబ్బు. మనకి ఆనందీబాయి కథ చెప్పేటప్పుడు భర్త గోపాలరావు పట్టుదల గురించే ఎక్కువ చెబుతారు. ఆ చలిలో, ఆ తిండితో ఆ పిల్ల ఒళ్ళు ఏమైపోయిందో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు.

సరే, మన ఉత్తరాంధ్ర సంగతికొస్తాను. అప్పుడు శ్రీకాకుళం 'చికాకోల్'. గంజాం జిల్లాలో భాగం. విజయనగరం విశాఖపట్నం జిల్లాలో. అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లో మొదటిసారి నలుగురు స్త్రీలను చేర్చుకుంది. వాళ్ళలో మేరీ షార్లీబ్ ఒకరు. మద్రాసులో న్యాయవాదిగా ఉన్న ఇంగ్లీషు ఆయన భార్య. పరాయి మగవాణ్ణి గదిలోకి రానివ్వక, కాన్పు కష్టమై చనిపోతున్న ఆడవాళ్ళ గురించి వినీ వినీ ఈ చదువులోకి వచ్చింది. మద్రాసులో లైసెన్షియేట్, తర్వాత లండన్‌లో పట్టా. తిరిగొచ్చి 1885లో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టింది. అదే ఏడాది హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన కొద్దిమంది ఆడపిల్లల్లో రూపాబాయి ఫర్దూంజీ ఉంది. 1889లో చదువు పూర్తిచేసి, మత్తుమందు ఇవ్వడంలో నిపుణురాలయింది. క్లోరోఫాం సీసా పట్టుకున్న ఈ పార్శీ అమ్మాయి మన పాఠ్యపుస్తకాల్లోకి ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

విజయనగరంలో ఇప్పటికీ ఘోషాసుపత్రి అంటే రిక్షావాళ్ళకీ, ఆటోవాళ్ళకీ తెలుసు. ఆ మాట వింటూ పెరిగిన మాకు అందులో ఉన్న పరదా కనపడేది కాదు. ఆడవాళ్ళని దాచిపెట్టే ఆచారం లోపలికి ఆధునిక వైద్యం ఎలా దూరిందో ఆ ఒక్క మాటే చెబుతుంది. పరదాని తీసెయ్యలేదు, పరదా వెనక్కే డాక్టరమ్మని పంపారు. సంస్కరణ అంటే చాలాసార్లు ఇంతే కదా. పైగా ఆ పరదా అందరిదీ కాదు. పొలంలో నాటు వేస్తూ నొప్పులొచ్చిన మనిషికి ఘోషా ఏమిటి?

అదే విజయనగరంలో మహారాజు, మామూలు బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ జాబితా రాయించాడు. గురజాడ 1897లో 'కన్యాశుల్కం' ముందుమాటలో ఆ లెక్కలిచ్చాడు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు మనం ఎన్ని సభల్లో చెప్పుకున్నామో. కానీ ఆ జాబితా పెళ్ళి పందిరి దగ్గరే ఆగిపోయింది. ఆ ఐదేళ్ళ పిల్లల్లో ఎందరు ఏ వయసులో పురిటి గదికి వెళ్ళారు, ఎందరు తిరిగొచ్చారు? ఆ లెక్క ఏ మహారాజూ రాయించలేదు. రాయగలిగింది ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళే. 1890లో డాక్టర్ మాన్సెల్ ఆధ్వర్యంలో దేశంలోని 55 మంది స్త్రీ వైద్యులు, భర్తల చేతుల్లో ఛిద్రమైన చిన్నపిల్లల కేసులు ఒక్కొక్కటీ వివరిస్తూ వైస్రాయికి విన్నపం పంపారు. మరుసటేడు వచ్చిన చట్టం సమ్మతి వయసుని పదేళ్ళ నుంచి పన్నెండుకి పెంచింది. పన్నెండు! దానిక్కూడా మతం మంటగలిసిపోతుందని గోల చేశారు. ఆడవాళ్ళు డాక్టర్లు కావడం ఎందుకు ముఖ్యమో నాకు ఇక్కడే బాగా తెలిసింది. రోగిని తాకడం కోసమే కాదు, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టడం కోసం కూడా.

ఈ ప్రాంతపు అమ్మాయి డాక్టరీ చదవాలంటే చాలాకాలం మద్రాసే దిక్కు, దగ్గర దగ్గర తొమ్మిది వందల కిలోమీటర్ల దూరం. 1923లో విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ వచ్చింది. జూలైలో పానగల్ రాజా కింగ్ జార్జి ఆసుపత్రిని ప్రారంభించాడు. ఆ కాలేజీ 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అయింది. ఆ తర్వాత కూడా శ్రీకాకుళానికి సొంతంగా ప్రభుత్వ వైద్య కళాశాల రావడానికి 2008 దాకా, విజయనగరానికైతే 2023 దాకా ఆగాల్సి వచ్చింది. అంతవరకూ మాకు 'పెద్దాసుపత్రి' అంటే విశాఖ కేజీహెచ్చే. రాత్రిపూట కాన్పు అడ్డం తిరిగితే టాక్సీ, వంద కిలోమీటర్లు, దేవుడి మీద భారం.

ఇంతకీ ఈ ఊళ్ళలో పురుళ్ళు పోసిందెవరు? మంత్రసాని. మా అమ్మమ్మ ఊళ్ళో ఆవిడ మంగలి ఇంటి కోడలు. అత్త వెంట తిరిగి నేర్చుకుంది. రెసిడెన్సీ అంటే అదే కదా, ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళ చెయ్యి చూస్తూ మన చేతికి తెలివి తెచ్చుకోవడం. బిడ్డ అడ్డంగా ఉందో తలకిందులుగా ఉందో పొట్ట తడిమి చెప్పేది. నేను పుట్టింది ఆవిడ చేతిలోనే. కానీ పురుడైన తర్వాత ఆవిడ్ని వీధరుగు మీద కూచోబెట్టి, చేటలో బియ్యం పోసి పంపేవారట. మైల ముట్టుకుంది కాబట్టి గడపలోకి రాకూడదు! అదే పని పట్టా పుచ్చుకుని చేస్తే కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. ఆవిడ తప్పులు నేను దాచను. తుప్పు పట్టిన కొడవలితో బొడ్డు కోసిన రోజులున్నాయి, ధనుర్వాతంతో పసికందులు పోయారు. ప్రభుత్వం శిక్షణలిచ్చింది, కిట్లు ఇచ్చింది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక కాన్పు ఆసుపత్రిలోనే అన్నారు, ఆశ కార్యకర్తలొచ్చారు. మంచిదే. తల్లులు బతికారు. కానీ ఆ చేతుల్లో ఉన్న తెలివిని ఎవరూ అడిగి రాసుకోలేదు. కేస్ షీటు మీద ఆమె పేరెప్పుడూ లేదు.

ఆ తెలివీ పోయి, ఆసుపత్రీ అందని చోట్లు ఇంకా ఉన్నాయి. సీతంపేట, సాలూరు కొండల్లో నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే దృశ్యం ప్రతి వానాకాలం పేపర్లో వస్తూనే ఉంది. నెలలు నిండకముందే గిరిజన స్త్రీలు దిగువకొచ్చి ఉండేలా సాలూరులో 2018లో ఒక వసతి గృహం పెట్టారు. నాకు తెలిసిన పథకాల్లో ఇది నిజంగా ఆలోచించి చేసిన పని.

మా పిల్ల పక్కన కూచుని ఇవన్నీ చెబుతుంటే అది సీరియల్ ఆపింది. "పెద్దమ్మా, సర్జరీ తీసుకుందామనుకున్నాను నేను. ఆడపిల్లవి, గైనిక్ అయితే మర్యాద అని నాన్న, ఆ విభాగం సార్లు, అందరూ అదే మాట" అంది. నూట యాభై ఏళ్ళ క్రితం లోపలికి రానివ్వని గది ఇప్పుడు ఆడవాళ్ళకి కేటాయించిన గదయింది. ఘోషా ఇంకో రూపంలో వచ్చిందేమో అనిపించింది నాకు.

డ్యూటీ గంటలడిగాను. నవ్వింది. రెసిడెంట్లకి వారానికి 48 గంటలు, ఒక్కసారిగా పన్నెండు గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. కొరియాలో 2017 నుంచి వారానికి 80 గంటల పరిమితి చట్టం. కాగితం మీద మనమే నయం. "ముప్పై ఆరు గంటలు ఏకబిగిన చేసిన రోజులకి లెక్కలేదు పెద్దమ్మా" అంది. ఆ అంకె వినగానే ఇద్దరం ఒకేసారి మౌనమైపోయాం. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో నిద్రపోయిన పీజీ డాక్టరు. ముప్పై ఒక్క ఏళ్ళు. ఆమెకి పడుకోవడానికి సరైన గది లేకపోయింది. అత్యాచారం చేసి చంపేశారు. దేశమంతా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు, సుప్రీంకోర్టు జాతీయ కార్యదళం వేసింది. 2025 జనవరిలో నిందితుడికి యావజ్జీవం పడింది. ఆ హత్యకి ఏడాదిన్నర ముందు, 2023 ఫిబ్రవరిలో, వరంగల్‌లో చదువుతున్న ఓ గిరిజన పీజీ విద్యార్థిని చనిపోయింది. సీనియర్ వేధింపులే కారణమని కేసు నడిచింది. తెలివి తెచ్చుకోవడానికి వెళ్ళిన పిల్లలు వీళ్ళు.

సీరియల్లో ఆ నలుగురూ డ్యూటీ గదిలో మంచాల మీద సోలిపోయే సీన్లు చాలా ఉన్నాయి. ఎంత అలిసిపోయినా భయం మాత్రం ఉండదు ఆ నిద్రలో. మా పిల్ల ఆ సీన్లని వెనక్కి తిప్పి తిప్పి చూసింది. "మా డ్యూటీ రూము తలుపుకి గడియ ఊడిపోయి ఎనిమిది నెలలైంది" అంది మామూలుగా. ఎన్నిసార్లు రాసిచ్చారో కూడా చెప్పింది. తలుపుకి స్టూలు అడ్డం పెట్టుకుని, ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుంటారట.

కనుమ మర్నాడు దాని ప్రయాణం. అరిసెలు, జంతికలు, మాగాయ డబ్బా సర్దాను. బస్సెక్కే ముందు ఇనుప సామాన్ల కొట్టు దగ్గర ఆపమంది. ఆరంగుళాల గడియ ఒకటి, మరలు ఎనిమిది, చిన్న స్క్రూడ్రైవరు కొనుక్కుంది. బిగించడం వచ్చా అని అడిగాను.

"ఎముకల్లోకి మరలు బిగించడం చూశాను పెద్దమ్మా, చెక్కలోకి బిగించలేనా" అంటూ సంచిలో వేసుకుంది.